లాగే బలం సరే, ఆపే బలం ఏదీ?

చిత్తూరు నుంచి పలమనేరు వైపు బస్సులో ఎప్పుడైనా వెళ్ళారా? బంగారుపాళెం దాటిన తరువాత రోడ్డు మెల్లగా పైకి లేస్తుంది. మొగిలి దగ్గర కనుమ మొదలవుతుంది. అప్పటిదాకా హాయిగా సాగిన బస్సు గొంతు మారుతుంది. డ్రైవరు గేరు తగ్గిస్తాడు. పక్కన సరుకు నిండిన లారీలు చీమల్లా పాకుతుంటాయి. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. పలమనేరు దానికంటె మూడు నాలుగు వందల మీటర్లు పైన, మైసూరు పీఠభూమి అంచున ఉంది. ఆ తేడానంతా బండి ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు అంతా దిగాలి.

చిత్తూరు పక్కన ఒక మెకానిక్ షెడ్డులో చాలా ఏళ్ళ కిందట విన్న మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. చెరకు తోలే కుర్రవాడు ట్రాక్టరు తెచ్చి నిలబెట్టాడు.

"నా, పంపు రవ్వంత పెంచు నా. లోడేసుకుని మిట్ట ఎక్కాలంటే బండి రొప్పతాండాది."

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "పెంచేదానికేం అబ్బోడా, రెండు నిముషాల పని. దిగేటప్పుడు నిన్ను పట్టుకునేదెవురు?" అన్నాడు.

కుర్రవాడు నవ్వేశాడు. కాని ఆ ప్రశ్నలో మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని మూడు పాఠాలు ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

పంపు పెంచడమంటే ఏమిటి?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1890లలో ఈ యంత్రాన్ని రూపొందించాడు. 1897లో అది చక్కగా పనిచేసి చూపింది. ఆయన పట్టుకున్న కిటుకు చిన్నదే. సైకిలు పంపు కొట్టినపుడు దాని కింది కొస వేడెక్కుతుంది కదా? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజనులో పిస్టన్ గాలిని పదహారు, పద్ధెనిమిదో వంతుకు నొక్కేస్తుంది. ఆ గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ గుండా డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే అది దానంతట అదే అంటుకుంటుంది.

ప్రతిసారీ ఎంత డీజిల్ చిమ్మాలో నిర్ణయించేది ఇంధన పంపు. పాత లారీలు, ట్రాక్టర్ల పంపులో గరిష్ఠ మోతాదుకు ఒక స్క్రూ ఉంటుంది. కంపెనీవారు దానిని సరిచేసి సీలు వేస్తారు. ఆ సీలు తెంచి స్క్రూ తిప్పితే మోతాదు పెరుగుతుంది, బండికి ఊపు వస్తుంది. పంపు పెంచడమంటే ఇదే. ఈనాటి కొత్త లారీలలో స్క్రూ పనిని చిన్న కంప్యూటరు చేస్తోంది. అక్కడ దాని లెక్కలను మార్చేస్తారు. చేతులు మారాయి గాని పని అదే.

మరి డీజిల్ ఎక్కువైతే నష్టమేమిటి? గాలి ఎక్కువ కాలేదు, అదే నష్టం. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు పధ్నాలుగున్నర కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో అది దాదాపు 12 వేల లీటర్లు! అందుకే ఇంజనును తయారుచేసినవారు కొంత గాలి మిగిలేటట్లే మోతాదు పెడతారు. స్క్రూ తిప్పినవాడు ఆ మిగులును తినేస్తాడు. గాలి చాలని డీజిల్ సగం కాలి మసి అవుతుంది. మిట్ట ఎక్కే బండి వెనుక నల్లటి పొగ చూసి "బండి భలే లాగుతోంది" అనుకునేవారున్నారు. నిజానికి అది డబ్బుపెట్టి కొన్న డీజిల్ పనిచేయకుండా ఆకాశంలోకి పోవడం.

పొగతో పోతే ఫరవాలేదు. వేడి కూడా పెరుగుతుంది. డీజిల్ ఇంజనులో ఇంధనపు శక్తిలో సుమారు మూడోవంతు మాత్రమే చక్రాల పనికి వస్తుంది. మిగిలినది నీటిలోకి, పొగగొట్టంలోకి, చుట్టూ గాలిలోకి వేడిగా పోవాలి. చాలా పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. సిలిండరు లోపలి మంట దానికంటె ఎంతో వేడి. అయినా పిస్టన్ బతుకుతోందంటే, మంట తగిలేది క్షణకాలమే కావడం వల్ల, తగిలిన వేడిని నూనె, నీరు లాగేస్తూ ఉండడం వల్ల.

ఇక్కడే లోడు వచ్చి చేరుతుంది. పంపు పెంచిన ట్రాక్టరు ఖాళీగా తిరిగితే ఏమీ కాదు. పూర్తి శక్తి అవసరమయ్యేది నాలుగైదు సెకన్లే. పది టన్నుల చెరకు తగిలించి కనుమ ఎక్కించండి. ఇంజను పావుగంటసేపు ఊపిరి తీయకుండా పూర్తి శక్తితో ఉండాలి. పైగా బండి నడక వేగంతో పోతుంటే రేడియేటరుకు ఎదురుగాలి ఉండదు, ఫ్యాను గాలే దిక్కు. అందువల్ల "నేను ఆరు నెలలుగా తిప్పుతున్నా, ఏమీ కాలేదే" అన్నవాడి బండి ఏడో నెలలో మిట్ట మధ్యలో ఆగిపోతుంది. మిట్ట మధ్యలో లోడుతో ఆగడం ఎంత చిక్కో తరువాత చూస్తారు.

లెక్క వేసి చూద్దాం

చిత్తూరు జిల్లాలో చెరకుకు, బెల్లానికి పాత పేరుంది. చిత్తూరులోను, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోను సహకార చక్కెర ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో గానుగ కాలమంతా రోడ్లమీద చెరకు బండ్లే. ఆ రెండు ఫ్యాక్టరీలూ ఇప్పుడు మూతపడ్డాయి. అయినా చెరకు పండుతూనే ఉంది, ట్రాక్టరు తొట్టెలు దానిని మోస్తూనే ఉన్నాయి.

మన ట్రాక్టరు బరువు 2 టన్నులు, చెరకుతో సహా తొట్టి బరువు 10 టన్నులు అనుకుందాం. మొత్తం 12 టన్నులు, అంటే 12,000 కిలోలు. రోడ్డు 20 మీటర్లు పోతే 1 మీటరు లేస్తోంది. బండిని వెనక్కు లాగే బలాలు రెండు. ఒకటి గురుత్వాకర్షణలో వాలు వెంబడి పనిచేసే భాగం: 12,000 × 9.8 ÷ 20 = 5,880 న్యూటన్లు. రెండవది చక్రాల దొర్లుడు ఘర్షణ. బరువులో నూటికి రెండు వంతులు అనుకుంటే సుమారు 2,350 న్యూటన్లు. మొత్తం 8,230.

ట్రాక్టరు 45 అశ్వశక్తులది. అంటే సుమారు 33 కిలోవాట్లు. గేర్లలో పోయేది పోగా చక్రాలకు 27 కిలోవాట్లు చేరాయనుకుందాం. శక్తిని బలంతో భాగిస్తే వేగం వస్తుంది. 27,000 ÷ 8,230 = సెకనుకు 3.3 మీటర్లు. గంటకు 12 కిలోమీటర్లు.

ఇప్పుడు పంపు పెంచి 60 అశ్వశక్తులు చేశాం. చక్రాలకు 36 కిలోవాట్లు. వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు. మూడు కిలోమీటర్ల మిట్టలో మిగిలిన కాలం నాలుగు నిముషాల లోపే! ఈ నాలుగు నిముషాల కోసం క్లచ్చి, గేరు పళ్ళు, వెనుక ఇరుసు – 45 అశ్వశక్తులకని చేసినవన్నీ – 60 మోయాలి. వాటిలో ఏది బలహీనమైతే అది ముందు తెగుతుంది.

దిగుడు లెక్క వేరు

అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది. అదే రోడ్డు, అదే బండి, దిగుతోంది. ఎక్కేటపుడు వెనక్కు లాగిన 5,880 న్యూటన్లు ఇప్పుడు ముందుకు నెడుతున్నాయి. దొర్లుడు ఘర్షణ మనకు సాయం చేస్తుంది కనుక దాని 2,350 తీసేస్తే, బ్రేకు వేయకపోయినా బండిని పరుగెత్తించే బలం 3,530 న్యూటన్లు.

దీన్ని ఆపేదెవరు? మామూలుగా ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. చెరకు తొట్టెల్లో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు. అంటే 12 టన్నులనూ ఆపవలసినది రోడ్డుకు, ట్రాక్టరు వెనుక చక్రాలకు మధ్య ఉన్న పట్టు. ఆ చక్రాల మీద పడే బరువు సుమారు 1.3 టన్నులు, ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, గరిష్ఠంగా దొరికే పట్టు 1,300 × 9.8 × 0.6 = సుమారు 7,640 న్యూటన్లు. బ్రేకును ఎంత గట్టిగా తొక్కినా ఇంతకు మించి రాదు. ఎందుకంటే బ్రేకు ఆపేది చక్రాన్ని, బండిని ఆపేది రోడ్డు.

7,640 నుంచి 3,530 తీసేస్తే 4,110 మిగిలింది. న్యూటన్ రెండవ సూత్రం ప్రకారం 4,110 ÷ 12,000 = 0.34. వేగం సెకను సెకనుకు 0.34 మీటర్ల చొప్పున మాత్రమే తగ్గుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి ఆగడానికి ఎంత దూరం పడుతుంది? v² = 2as సూత్రం వాడి మీరే వేయండి. 45 మీటర్లు వస్తుంది. అదే బండి గంటకు 30 కిలోమీటర్లతో వస్తే? వేగం ఒకటిన్నర రెట్లే, దూరం మాత్రం 100 మీటర్లు! ఖాళీ తొట్టితో చదును రోడ్డు మీద ఆ ట్రాక్టరే 20 కిలోమీటర్ల వేగంలో ఏడెనిమిది మీటర్లలో ఆగుతుంది. డ్రైవరు కాలికి అలవాటైనది ఆ ఏడెనిమిది మీటర్లే.

వాలు ఇంకా ఎక్కువగా, 12కి 1 ఉందనుకోండి. గురుత్వాకర్షణ వల్ల నెట్టే బలం 9,800. దొర్లుడు ఘర్షణ పోగా 7,450. మన పట్టు 7,640. రెండూ దాదాపు సమానం! బ్రేకు పూర్తిగా తొక్కి ఉంచినా బండి అదే వేగంతో దిగుతూనే ఉంటుంది. చినుకు పడి రోడ్డు తడిసిందో, ఘర్షణ గుణకం తగ్గిపోతుంది. ఇక ఆగడం మాట లేదు, వేగం పెరుగుతుంది.

మన లెక్క కూడా డ్రైవరు పక్షాన కొంత మొగ్గు చూపింది. ఎక్కేటపుడు తొట్టి కొక్కెం దగ్గర ట్రాక్టరును వెనక్కు లాగుతుంది. ఆ లాగుడుకు ముందు చక్రాలు తేలికై, వెనుక చక్రాలు బరువెక్కుతాయి. పట్టు పెరుగుతుంది. దిగుతూ బ్రేకు వేసినపుడు తొట్టి ముందుకు నెడుతుంది. ముందు చక్రాలు బరువెక్కి, బ్రేకులున్న వెనుక చక్రాలు తేలికవుతాయి. కావలసినపుడే పట్టు తగ్గుతుంది. కాబట్టి "ఎక్కిన బండి దిగలేదా" అన్న మాట సరి కాదు.

రెండు చక్రాల తొట్టి అయితే ఇంకొక చిక్కుంది. అది తక్కెడ వంటిది. చెరకు గడలు వెనక్కు మరీ పొడుచుకు వస్తే గరిమనాభి ఇరుసుకు వెనుక పడి, కొక్కేన్ని పైకి ఎత్తుతుంది. ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు పోతుంది. బరువు మరీ ముందుకు పడితే ట్రాక్టరు ముందు చక్రాలు లేచి స్టీరింగు పని చేయదు. మిట్టలో రెండు కాళ్ళ మీద లేచిన గుర్రంలాగా నిలబడ్డ ట్రాక్టరును పల్లెల్లో పెరిగినవారు చూసే ఉంటారు.

పంపు పెంచితే దిగేటపుడు సాయపడదా?

మంచి ప్రశ్న. కనుమ దిగే డ్రైవర్లు చిన్న గేరులో పెట్టి యాక్సిలరేటరు మీద కాలు తీస్తారు. అపుడు చక్రాలే ఇంజనును తిప్పాలి. ఇంజను ఆ తిప్పుడును ప్రతిఘటిస్తుంది. దీనినే ఇంజను బ్రేకు అంటారు. మరి 60 అశ్వశక్తుల ఇంజను 45 దాని కంటె ఎక్కువ పట్టి ఉంచాలి గదా?

ఉంచదు. కాలు తీయగానే పంపు డీజిల్ చిమ్మడం మానేస్తుంది. మీరు పెంచినది డీజిల్ మోతాదును. డీజిలే లేనపుడు పెంపు ఎక్కడిది? సిలిండరు అదే, పిస్టన్ అదే, ఘర్షణ అదే. పట్టి ఉంచే బలం పాతదే. పంపు స్క్రూ తిప్పినవాడు బండికి ఎక్కే బలం మాత్రమే కొన్నాడు, దిగే బలం రవ్వంత కూడా కొనలేదు. అయినా ఆ ఎక్కే బలాన్ని నమ్మి తొట్టిలో ఇంకో రెండు టన్నులు వేస్తాడు. మెకానిక్ అడిగినది దీని గురించే.

ఇక డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారి సంగతి చెప్పనక్కరలేదు. ఉన్న ఇంజను బ్రేకును కూడా వారు వదులుకుంటున్నారు.

బ్రేకు ఎందుకు "ఫెయిల్" అవుతుంది?

పత్రికల్లో "బ్రేకులు ఫెయిలయి" అన్న మాట మీరు చదువుతుంటారు. చాలాసార్లు ఏదీ తెగిపోదు, విరగదు. వేడెక్కుతుంది, అంతే.

తిరుమల సంగతి తీసుకోండి. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 10 టన్నుల బస్సు దిగితే కోల్పోయే స్థితిశక్తి 10,000 × 9.8 × 700 = 6 కోట్ల 86 లక్షల జౌళ్ళు. ఈ శక్తి నశించదు. బస్సు కింద ఆగే సరికి అదంతా వేడిగా మారి తీరాలి. 30 డిగ్రీల నీటిని మరగబెట్టడానికి లీటరుకు 2 లక్షల 94 వేల జౌళ్ళు కావాలి. అంటే ఒక్క బస్సు దిగుడులో 233 లీటర్ల నీరు మరుగుతుంది. పెద్ద డీజిల్ పీపాలో పట్టేది 200 లీటర్లే! ఈ వేడిని ఇంజను బ్రేకు, ఎదురుగాలి పంచుకుంటాయి కనుక రోజూ ఎన్నో బస్సులు క్షేమంగా దిగుతున్నాయి. ఘాటు రోడ్డు మీద నిర్ణీత కాలం కంటె ముందుగా కిందికి చేరే వాహనాలకు జరిమానా విధించే పద్ధతి కూడా ఉంది. అందులోని భౌతికశాస్త్రం మీకిప్పుడు అర్థమవుతుంది. నెమ్మదిగా దిగితే, అదే వేడి బయటికి పోవడానికి ఎక్కువ కాలం దొరుకుతుంది.

ఇప్పుడు కుప్పం, పలమనేరు వైపు నుంచి గ్రానైటు వేసుకొచ్చే లారీని చూడండి. గ్రానైటు ఘనమీటరు 2.7 టన్నుల బరువుంటుంది. 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల బండ ఒక్కటే 18 టన్నులు. లారీతో కలిపి 25 టన్నులనుకుని 200 మీటర్లు దిగనివ్వండి. 4 కోట్ల 90 లక్షల జౌళ్ళు. బ్రేకు డ్రమ్ములన్నీ కలిపి 240 కిలోల ఇనుము అనుకుందాం. ఇనుము విశిష్టోష్ణం కిలోకు సుమారు 500 జౌళ్ళు. డ్రైవరు గేరు తగ్గించక బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ముల వేడి 400 డిగ్రీలు పెరగగలదు. అపుడు డ్రమ్ము వ్యాకోచించి, దానిని ఒరసుకోవలసిన బ్రేకు షూకు దూరంగా జరుగుతుంది. లైనింగులోని జిగురు పదార్థం ఆవిరై పట్టు జారుతుంది. మాడిన వాసన వస్తుంది. డ్రైవరు పెడలు నేలదాకా తొక్కుతాడు. ఏమీ కాదు.

ఈ కనుమలు చూసిన విషాదాలు తక్కువేమీ కావు. 2022 మార్చిలో తిరుపతి, మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాటులో రాత్రివేళ పెళ్ళివారి బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాటులో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నాయి. రెండింటిలోను పలువురు చనిపోయారు. ఒక్కొక్క ప్రమాదానికి కారణాలు వేరువేరు. కాని వాలు, బరువు, వేగం – ఈ మూడింటి లెక్క మాత్రం ఏ బండినీ వదిలిపెట్టదు.

రైలును చూసి నేర్చినది

ఒకప్పుడు రైళ్ళకూ ఇదే బాధ. ఇంజనుకు బ్రేకు ఉండేది. పెట్టెలను ఆపాలంటే బ్రేకు మనిషి ఒక్కొక్క పెట్టెకు పరుగెత్తి చేతితో చక్రం తిప్పేవాడు. 1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకు పేటెంటు పొందాడు. కొద్ది సంవత్సరాల్లోనే దానిని ఇంకా మెరుగుపరచాడు. గొట్టంలో గాలి పీడనం ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. గొట్టం తెగినా, పెట్టె ఊడిపోయినా పీడనం పడిపోయి బ్రేకులు వాటంతట అవే పట్టుకుంటాయి. ప్రతి పెట్టె తన బరువును తానే ఆపుకుంటుంది. పెద్ద ట్రైలరు లారీలలో ఈనాడు ఉన్నది ఈ పద్ధతే. చెరకు తొట్టికి కూడా బ్రేకు ఉంటే, పైన మనం వేసిన లెక్క మొత్తం మారిపోతుంది. 10 టన్నుల తొట్టి చక్రాలన్నింటికీ బ్రేకులుంటే పట్టు ఎన్ని న్యూటన్లకు పెరుగుతుందో మీ నోటుబుక్కులో వేసి చూడండి.

చట్టం కూడా ఊరుకోలేదు. వాహనాన్ని తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. కొండదారిలో దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. లోడుతో మిట్టలో ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో, వెనక్కు జారితే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు.

చేసి చూడండి

రెండు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకోండి. ఒకదానికి వెనుక, ఒకదానికి ముందు చిన్న రంధ్రాలు చేసి, అంగుళం పొడవు పుల్లతో వదులుగా కలపండి. రెండవ పెట్టెలో గులకరాళ్ళు నింపండి. ముందు పెట్టెకు దారం కట్టి బల్లమీద లాగండి. రెండూ తిన్నగా వస్తాయి. మలుపు తిప్పినా వరుస తప్పవు.

ఇప్పుడు ముందు పెట్టెకు వేలు కొద్దిగా అడ్డం పెట్టి, వెనుక ఉన్న బరువు పెట్టెను మెల్లగా నెట్టండి. ముందు పెట్టె ట్రాక్టరు, మీ వేలు బ్రేకు, నెట్టుడు గురుత్వాకర్షణ. కొంత దూరం పోగానే రెండు పెట్టెలూ కొక్కెం దగ్గర చాకు మడిచినట్లు పక్కకు మడత పడతాయి. పది సార్లు చేయండి. ఎన్నిసార్లు ఎడమకు, ఎన్నిసార్లు కుడికి మడిచిందో రాయండి. తరువాత రాళ్ళను వెనుక పెట్టె నుంచి ముందు పెట్టెలోకి మార్చి, మళ్ళీ పది సార్లు నెట్టి, రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడండి.